లాయరు పట్టించుకోకపోతే: బార్ కౌన్సిల్ చేసేది, చేయలేనిది (అపోహలు - వాస్తవాలు)

చెన్నైలో సిటీ సివిల్ కోర్టు, లాయర్లను నమోదు చేసి వాళ్లపై ఫిర్యాదులు విచారించే బార్ కౌన్సిల్ రెండూ హైకోర్టు ఆవరణలోనే ఉన్నాయి. నెల్లూరు, గూడూరు వైపు నుంచి పొద్దున్నే రైలెక్కి వచ్చే మనవాళ్లు నాతో మొదట అనే మాట ఒకటే: "మా లాయరు ఫోనెత్తడం లేదండీ, ఆయన లైసెన్సు తీయించండి."

అపోహ: బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేస్తే పోయిన కేసు తిరిగొస్తుంది.

రాదు. 1961 అడ్వకేట్స్ చట్టం సెక్షన్ 35 కింద కౌన్సిల్ ఆ లాయరును మందలించొచ్చు, కొంతకాలం సస్పెండ్ చేయొచ్చు, రోల్ (లాయర్ల జాబితా) నుంచి పేరే కొట్టేయొచ్చు. మీ డిక్రీ (కోర్టు తీర్పు ఉత్తర్వు) జోలికి మాత్రం రాలేదు. లాయరు వాయిదాకు రాక మీ వాదన వినకుండానే ఎక్స్‌పార్టీ డిక్రీ అయినా, మీరు వేసిన దావా కొట్టేసినా, సరిచేయాల్సింది ఆ కోర్టే. అక్కడ అర్జీ వేసుకోవడానికి గడువు 30 రోజులు. దాటితే ప్రతి రోజు ఆలస్యానికీ సంజాయిషీ చెప్పుకోవాలి. ఫిర్యాదు పట్టుకుని నెలల తరబడి తిరిగి, ఈ గడువు పోగొట్టుకున్నవాళ్లను చూస్తే నాకే టెన్షన్. లాయరు తప్పుకు క్లయింటు నష్టపోకూడదని 1981లో సుప్రీంకోర్టు అన్నది నిజమే. కానీ అన్ని కేసులకూ అది వర్తించదని 1993లో అదే కోర్టు చెప్పింది. "ఇన్నాళ్లూ మీరేం చేస్తున్నారు?" అని జడ్జి అడుగుతారు.

అపోహ: నిర్లక్ష్యం రుజువైతే చాలు, శిక్ష ఖాయం.

మా సిటీ సివిల్ కోర్టు ప్రభుత్వ ప్లీడరు కేసులోనే 1997లో సుప్రీంకోర్టు తేల్చింది: దురుద్దేశం లేని ఉత్త నిర్లక్ష్యం వృత్తిపరమైన దుష్ప్రవర్తన కాదు. ఫీజు తీసుకుని కేసే వేయకపోవడం, వేశానని అబద్ధమాడటం, కోర్టులో కట్టమని ఇచ్చిన డబ్బు వాడుకోవడం వేరే సంగతి. అందుకే ఫీజు రసీదులు, వాట్సాప్ మెసేజీలు దాచుకోండి. రాష్ట్ర కౌన్సిల్ ఏడాదిలో తేల్చకపోతే ఫిర్యాదు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు వెళ్తుంది.

అపోహ: ఫీజు బాకీ ఉంటే లాయరు బండిల్ (కేసు కాగితాల కట్ట) ఇవ్వక్కర్లేదు.

ఇవ్వాలి. 2000లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. బాకీ కోసం ఆయన విడిగా దావా వేసుకోవచ్చు, మీ కాగితాలు పట్టుకు కూర్చోకూడదు.

అపోహ: కన్స్యూమర్ కోర్టుకు వెళ్తే పరిహారం వస్తుంది.

2024 మే 14న సుప్రీంకోర్టు ఆ తలుపు మూసేసింది. నష్టానికి సివిల్ కోర్టులో దావా వేయొచ్చు. దానికీ ఒక లాయరును వెతుక్కోవాలి మరి!