సీడీ పోయినా ఆఫీస్ ఎర్రర్ తీరుతుంది: అపోహలు - వాస్తవాలు

ఎక్సెల్ తెరవగానే కాన్ఫిగర్ అవుతోందంటూ చిన్న పెట్టె వస్తుంది. కాసేపు తిరిగి, ఫలానా ఫైలు దొరకలేదు, సీడీ పెట్టండి అంటుంది. ఆ సీడీ ఎప్పుడో పోయి ఉంటుంది. ఇక్కడే చాలామంది తొందరపడతారు. సిస్టమ్ ఫార్మాట్ కొట్టించేస్తారు, లేదంటే ఎవరో ఇచ్చిన క్రాక్ కాపీ వేసుకుంటారు. చాలాసార్లు ఆ రెండూ అక్కర్లేదు. ఆ పెట్టెలో ఉన్న ఫైలు పేరు, ఎర్రర్ నంబరు కాగితం మీద రాసుకోండి. మిగతా పనంతా వాటి మీదే నడుస్తుంది.

అపోహ: సీడీ అడిగిందంటే సీడీయే కావాలి.

వాస్తవం: దానికి కావలసింది సీడీలో ఉండే ఒక ఫైలు. అది ఎక్కడున్నా సరే తీసుకుంటుంది. ఆఫీస్ 2007, 2010 వెర్షన్లు ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడే సెటప్ ఫైళ్లను హార్డ్‌డిస్క్‌లో దాచి పెట్టుకుంటాయి. సీ డ్రైవ్ తెరవగానే పై వరసలోనే ఎంఎస్ఓక్యాష్ అనే ఫోల్డర్ ఉంటుంది, దాని లోపల ఆల్ యూజర్స్. అది హిడెన్ ఫోల్డర్ కాబట్టి వ్యూ మెనూలో హిడెన్ ఐటమ్స్‌కు టిక్ పెడితేనే కనిపిస్తుంది. సీలో లేకపోతే మిగతా డ్రైవ్‌లు కూడా చూడండి. సీడీ అడిగే పెట్టెలో బ్రౌజ్ నొక్కి, ఈ ఫోల్డర్‌లో సరైన దాన్ని చూపిస్తే పని ముందుకు సాగుతుంది.

సరైనది ఏదన్నదే చిక్కు. లోపల పొడుగాటి నంబర్లతో పది, పదిహేను ఫోల్డర్లు ఉంటాయి. చూడగానే కళ్లు తిరుగుతాయి గానీ ప్రతి అంకెకూ ఒక అర్థం ఉంది. మొదటి నాలుగు అంకెల్లో చివరి రెండూ వెర్షన్: 12 అంటే 2007, 14 అంటే 2010, 15 అంటే 2013, 16 అంటే 2016. పదమూడు లేదు, ఆ నంబరును వదిలేశారు. మొదటి గీత దాటాక వచ్చే నాలుగూ ఏ ఎడిషనో, ఏ ప్రోగ్రామో చెబుతాయి: 0011 ప్రొఫెషనల్ ప్లస్, 0012 స్టాండర్డ్, 0030 ఎంటర్‌ప్రైజ్, 002ఎఫ్ హోమ్ అండ్ స్టూడెంట్, 0016 ఎక్సెల్, 001బి వర్డ్. ఆ తర్వాతి నాలుగూ భాష: 0409 అయితే ఇంగ్లిష్, 044ఏ అయితే తెలుగు, అన్నీ సున్నాలైతే ఏ భాషకైనా ఒకటే. దాని పక్క గుంపులో మొదటి అంకె 0 ఉంటే 32 బిట్, 1 ఉంటే 64 బిట్. అన్నిటికీ చివరి నంబర్ల గుంపు 0ఎఫ్ఎఫ్1సీఈతో ముగుస్తుంది. ఇంగ్లిష్‌లో ఆఫీస్ స్పెల్లింగే అది, ఓ బదులు సున్నా, ఐ బదులు ఒకటి. కాబట్టి మొదటి నాలుగు అంకెల్లో చివర 14, గీత దాటాక 0011 ఉన్న ఫోల్డర్ కనిపిస్తే అది ఆఫీస్ 2010 ప్రొఫెషనల్ ప్లస్ అసలు ఫోల్డర్. ఎర్రర్ పెట్టెకు ముందుగా చూపించాల్సింది దాన్నే.

కొన్నిసార్లు ఫైళ్లన్నీ ఉన్నా సీడీ అడుగుతుంది. ఇన్‌స్టాల్ చేసిన రోజు సీడీ డ్రైవ్ అక్షరం 'ఈ' (E) అయి ఉంటుంది, తర్వాత కొత్త పార్టిషన్‌కో పెన్‌డ్రైవ్‌కో ఆ అక్షరం వెళ్లిపోయి ఉంటుంది. 1706 నంబరు వచ్చే చోట్ల దీన్ని తప్పకుండా చూడాలి. దీనికీ బ్రౌజ్ నొక్కి కొత్త చోటు చూపించడమే మందు.

అపోహ: జాగా కోసం ఎంఎస్ఓక్యాష్, విండోస్‌లోని ఇన్‌స్టాలర్ ఫోల్డర్ తీసేసినా ఏమీ కాదు.

వాస్తవం: తీసిన రోజు నిజంగానే ఏమీ కాదు. రిపేరో, అప్‌డేటో, అన్‌ఇన్‌స్టాలో చేయబోయిన రోజు అన్నీ ఒకేసారి బయటపడతాయి. 1612 అంటే మూలం ఫైళ్లు దొరకలేదని, 1635 అంటే అప్‌డేట్ ప్యాకేజీ తెరుచుకోలేదని, 1714 అంటే పాత వెర్షన్‌ను తొలగించలేకపోయిందని.

ఈ రెండు ఫోల్డర్ల మధ్య పెద్ద తేడా ఉంది. ఎంఎస్ఓక్యాష్ పోతే, అదే వెర్షన్, అదే ఎడిషన్, అదే బిట్ ఉన్న ఇంకో సిస్టమ్ నుంచి కాపీ చేసుకోవచ్చు. ఒకే లైసెన్సుతో పది సిస్టమ్‌లు నడిపే ఆఫీసుల్లో ఇది పది నిమిషాల పని. సీ డ్రైవ్, విండోస్ లోపలి ఇన్‌స్టాలర్ ఫోల్డర్‌కు మాత్రం ఆ దారి లేదు. అక్కడి ఫైళ్లకు ప్రతి సిస్టమ్‌లో విండోస్ వేరే వేరే పేర్లు పెడుతుంది. పక్క సిస్టమ్ నుంచి తెచ్చి పోస్తే పేర్లు కలవవు. అది పోతే ఆఫీస్‌ను పూర్తిగా తీసి, మళ్లీ వేయాల్సిందే. కంట్రోల్ ప్యానెల్ నుంచి తీయబోతే మళ్లీ అదే ఎర్రర్ వస్తుంది కాబట్టి మైక్రోసాఫ్ట్ ఇచ్చే అన్‌ఇన్‌స్టాల్ టూల్ వాడాలి. విండోస్ 10, 11లో గెట్ హెల్ప్ యాప్‌లో వెతికితే దొరుకుతుంది.

జాగా నిజంగా చాలకపోతే డిస్క్ క్లీనప్ వాడండి. తాత్కాలిక ఫైళ్లుండే టెంప్ ఫోల్డర్ ఖాళీ చేయండి, సినిమాలు, పాత బ్యాకప్‌లు వేరే డ్రైవ్‌కు తరలించండి. ఈ రెండింటి జోలికి మాత్రం వెళ్లకండి.

అపోహ: పక్కషాపులో అదే సంవత్సరం సీడీ ఉంటే చాలు.

వాస్తవం: ఏడాది ఒకటే అయినా ఎడిషన్ వేరైతే తీసుకోదు. ఎర్రర్ పెట్టె అడిగే ఫైలు పేరులోనే జవాబు ఉంటుంది. పేరు ప్రోప్లస్ అని మొదలైతే ప్రొఫెషనల్ ప్లస్ సీడీ కావాలి, స్టాండర్డ్ అని ఉంటే స్టాండర్డ్. 2010లో సింగిల్ ఇమేజ్ అని ఉంటే అది దుకాణంలో కొన్న రిటైల్ కాపీ. ఇంకా 2003 నడుపుతున్న చోట ప్రో11, ఎస్‌టీడీ11 అనే పేర్లు కనిపిస్తాయి. మరొకటి: కంపెనీలకు ఇచ్చే వాల్యూమ్ సీడీ రిటైల్ కీని ఒప్పుకోదు, రిటైల్ సీడీ వాల్యూమ్ కీని ఒప్పుకోదు. కీ సరిగ్గానే కొట్టినా చెల్లదని వస్తుంటే ముందు అనుమానించాల్సింది ఇదే.

దొరికిన సీడీ గీతలు పడినదైతే నేరుగా దాన్నుంచి ఇన్‌స్టాల్ మొదలుపెట్టకండి. 1305, 1311 నంబర్లతో సగంలో ఆగిపోతుంది. మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచు వైపు నేరుగా తుడవండి, గుండ్రంగా తిప్పి తుడవకూడదు. తర్వాత మొత్తం డీ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేయండి. కాపీ ఏ ఫైలు దగ్గర ఆగితే ఆ ఫైలే పాడైనది. ఆ ఒక్కటీ వేరే చోట నుంచి తెచ్చి కలిపితే సరిపోతుంది.

అపోహ: సీడీ పోతే లైసెన్సు పోయినట్టే.

వాస్తవం: లైసెన్సుకు ఆధారం 25 అక్షరాల ప్రొడక్ట్ కీ, లేదా మీరు దాన్ని నమోదు చేసిన మైక్రోసాఫ్ట్ అకౌంట్. సీడీ కేవలం మోసుకొచ్చే పళ్లెం. 2013 నుంచి రిటైల్‌గా అమ్మినవి ఒకసారి అకౌంట్‌కు కలిపితే, అదే అకౌంట్‌తో మైక్రోసాఫ్ట్ సైట్‌లో లాగిన్ అయి సర్వీసెస్ పేజీ నుంచి ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. నెట్ సరిగ్గా లేని చోట ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ ఎంచుకోండి. చాలా పెద్ద ఫైలు, తీరికగా ఒకసారి దించి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే చాలు. విండోస్ 10, 11లో ఆ ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తే సీడీ పెట్టినట్టే కొత్త డ్రైవ్‌గా తెరుచుకుంటుంది.

ఎబౌట్ పేజీలో కనిపించే ప్రొడక్ట్ ఐడీని కీ అనుకుని రాసి పెట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అది కీ కాదు, దాంతో ఇన్‌స్టాల్ జరగదు. కీ బయటకు తీస్తామనే ప్రోగ్రాములూ 2010 వరకే పనికొస్తాయి. 2013 నుంచి సిస్టమ్‌లో కీ చివరి 5 అక్షరాలే మిగులుతాయి. ఆ అయిదూ తెలుసుకోవాలంటే కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ప్రోగ్రామ్ ఫైల్స్‌లో మైక్రోసాఫ్ట్ ఆఫీస్ లోపలున్న ఆఫీస్16 ఫోల్డర్‌కు (2013 అయితే ఆఫీస్15, 2010 అయితే ఆఫీస్14) వెళ్లి సీస్క్రిప్ట్, స్పేస్, ఓఎస్‌పీపీ డాట్ వీబీఎస్, స్పేస్, స్లాష్ డీస్టేటస్ అని కొట్టండి. రిటైలా, వాల్యూమా అన్నది కూడా అక్కడే చూపిస్తుంది. బీరువాలో నాలుగు కీ కార్డులుంటే ఈ సిస్టమ్‌ది ఏదో ఆ అయిదక్షరాలతో పట్టుకోవచ్చు.

అపోహ: ఎర్రర్ నంబర్లన్నీ ఒకటే, ఫార్మాట్ ఒక్కటే దారి.

వాస్తవం: ఒక్కో నంబరుకు ఒక్కో కారణం. 1618 అంటే వెనకాల ఇంకో ఇన్‌స్టాల్ నడుస్తోంది, రీస్టార్ట్ చేసి మళ్లీ మొదలుపెడితే చాలు. 1907 అంటే ఒక ఫాంట్ నమోదు కాలేదు, ఇగ్నోర్ నొక్కి ముందుకు వెళ్లొచ్చు. 1402, 1406 రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట, అనుమతి సమస్య. పెట్టెలో పేరున్న ఆ ఒక్క రిజిస్ట్రీ కీని (ఇది ప్రొడక్ట్ కీ కాదు) ముందు ఎక్స్‌పోర్ట్ చేసుకుని, దానికే అడ్మినిస్ట్రేటర్స్‌కు, సిస్టమ్‌కు ఫుల్ కంట్రోల్ ఇవ్వండి. రిజిస్ట్రీ మొత్తానికి అనుమతులు మార్చే చిట్కాలు పాటిస్తే విండోసే దెబ్బతింటుంది.

1935 వస్తే తప్పు ఆఫీస్‌ది కాదు, విండోస్ లోపలి భాగాలది లేదా ప్రోగ్రాములు నడవడానికి వాడే డాట్‌నెట్‌ది. విండోస్ 8, ఆ తర్వాతివాటిలో విండోస్‌ను బాగుచేసే రెండు కమాండ్లు ఉన్నాయి: ముందు డిస్మ్ రిస్టోర్ హెల్త్, అది పూర్తయ్యాక ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ నడపాలి. ఈ వరస ముఖ్యం, ఎందుకంటే రెండోది బాగుచేయడానికి వాడే నిల్వను మొదటిదే సరిచేస్తుంది.

1603 మాత్రం మొండిది, ఏదో పెద్ద తప్పు జరిగిందని తప్ప ఇంకేమీ చెప్పదు. రన్‌లో పర్సెంట్ గుర్తుల మధ్య టెంప్ అని కొట్టి ఆ ఫోల్డర్ తెరవండి. కొత్త తేదీ ఉన్న లాగ్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి, ఇంగ్లిష్‌లో రిటర్న్ వాల్యూ 3 అని వెతకండి. ఆ మాట ఉన్న లైనుకు పైన పది, ఇరవై లైన్లలో అసలు కారణం ఉంటుంది. జాగా చాలకపోవడం, ఇన్‌స్టాల్ ఫోల్డర్ ఎన్‌క్రిప్ట్ అయి ఉండడం, ఆ ఫోల్డర్ మీద సిస్టమ్ అకౌంట్‌కు అనుమతి లేకపోవడం లాంటివి.

కొత్త వెర్షన్లు 90 శాతం దగ్గర నిలిచిపోతే విండోస్ సర్వీసెస్‌లో ప్రింటు పనులు చూసే ప్రింట్ స్పూలర్‌ను కాసేపు ఆపి చూడండి. 64 బిట్ వేయలేమని చెబితే ఎక్కడో 32 బిట్ ఆఫీస్ భాగం మిగిలి ఉందని అర్థం.

అపోహ: రిపేర్ చేస్తే ఫైళ్లు పోతాయి.

వాస్తవం: వర్డ్, ఎక్సెల్ ఫైళ్ల జోలికి రిపేర్ వెళ్లదు. క్విక్ రిపేర్‌కు నెట్ అక్కర్లేదు, ముందు అదే చేయండి. ఆన్‌లైన్ రిపేర్ మొత్తం మళ్లీ దించుకుంటుంది కాబట్టి మొబైల్ హాట్‌స్పాట్ మీద మొదలుపెట్టొద్దు. ఈ రెండు ఎంపికలూ కనిపించకపోతే మీది సీడీ పద్ధతిలో వేసిన పాత రకం.

అపోహ: కీ నా దగ్గర ఉంది కాబట్టి ఏ ఐఎస్ఓ (సీడీ మొత్తాన్ని ఒకే ఫైలుగా చేసిన కాపీ) అయినా ఒకటే.

వాస్తవం: సెటప్ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ చూడండి. మైక్రోసాఫ్ట్ కార్పొరేషన్ పేరు లేకపోయినా, సంతకం చెల్లదని వచ్చినా దాన్ని నడపకండి. యాంటీవైరస్ ఆపమని అడిగే సెటప్ ఏదైనా సరే, లెక్కల ఫైళ్లు, ఖాతాదారుల ఆధార్ కాపీలు ఉన్న సిస్టమ్‌లోకి రానివ్వకూడదు.

2010కి సపోర్ట్ 2020 అక్టోబర్ 13న, 2013కి 2023 ఏప్రిల్ 11న, 2016, 2019లకు 2025 అక్టోబర్ 14న ముగిసింది. 2010ని ఇప్పుడు మైక్రోసాఫ్ట్ నుంచి దించుకునే వీల్లేదు. ఆ వెర్షన్ మీదే పని నడుస్తుంటే, ఎర్రర్ రాకముందే ఎంఎస్ఓక్యాష్ ఫోల్డర్‌ను ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, దాని మీద వెర్షన్, ఎడిషన్, బిట్, కీ చివరి అయిదక్షరాలు రాసి అంటించండి.