మతిమరుపు లైబ్రేరియన్, నీలం అట్టముక్క

చిన్నికి, పండుకి, తాతయ్య దీవెనలు.

మొన్న ఫోన్లో చిన్ని అడిగిన దానికి తడబడ్డాను. "బొమ్మలేసే సైట్‌లోకి గూగుల్‌తో వెళ్ళాను కదా తాతయ్యా, దానికి నా పాస్‌వర్డే చెప్పలేదు. మర్నాడు నన్నెలా గుర్తుపట్టింది? అత్త ఫోన్లో తెరిస్తే మళ్ళీ ఎవరు నువ్వు అందేం?" అంది.

నా చిన్నప్పుడు విశాఖపట్నం వన్‌టౌన్‌లో, కురుపాం మార్కెట్ దగ్గర్లో ఓ లైబ్రరీ ఉండేది. అక్కడి లైబ్రేరియన్‌గారికి ఎంత మతిమరుపంటే, నేను నీళ్ళు తాగొచ్చేలోపు మర్చిపోయి "ఎవరబ్బాయివిరా?" అనేవారు. వెబ్‌సైటూ అంతే. పేజీ తెరిచిన ప్రతిసారీ దానికి నువ్వు కొత్త మనిషివే.

మొదటిరోజు మా లెక్కల మేష్టారు చీటీ రాసిచ్చారు. "వీడు నా దగ్గర చదువుకుంటున్నాడు" అని ఒక్క ముక్క, కింద సంతకం, స్కూలు సీలు. లైబ్రేరియన్‌గారు ఆ సీలుని వెలుతురుకి పెట్టి మరీ చూశారు. ఆ మేష్టారే మీ గూగుల్. నీ పాస్‌వర్డ్ ఆయన దగ్గరే ఉంటుంది, సైట్‌కి చేరేది చీటీ మాత్రమే.

చీటీ ఆ పూటకే. గూగుల్ చీటీ కూడా మామూలుగా గంటసేపే చెల్లుతుంది. రోజూ వెళ్ళి మేష్టారి గుమ్మంలో నిలబడలేం కదా! అందుకని లైబ్రేరియన్‌గారు సొరుగులోంచి ఓ నీలం అట్టముక్క తీసిచ్చారు. దాని మీద నా పేరు లేదు, 117 అన్న అంకె, మార్చి 31 వరకు అన్న గడువు, అంతే. పేరు ఆయన రిజిస్టర్లో ఉంది. ఇక ఆయనకి తెలిసింది నేను కాదు, ఆ ముక్క. సైట్ కూడా నీ బ్రౌజర్‌కి ఇలాంటి ముక్కే ఇచ్చి దాచుకోమంటుంది, దాన్నే కుకీ అంటారు. 1994లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ల కంపెనీలో లూ మోంటుల్లి అనే కుర్రాడు కనిపెట్టాడు. అత్త ఫోన్లో నీ ముక్క లేదు, అదీ సంగతి.

సాయంత్రాలు అక్కడ చదువుతుంటే పోర్టులోంచి ఓడ కూత వినబడేది. మూసేశాక బీచ్‌కెళ్ళి మురీ మిక్స్చర్ తినడం. అలా వెళ్ళిన ఓ రోజే నిక్కరు జేబు చిల్లులోంచి ముక్క జారిపోయింది. ఎవడో 117 చూపించి రెండు పుస్తకాలు పట్టుకుపోయాడు, డబ్బు మా నాన్న కట్టారు. ముక్క ఎవరి చేతిలో ఉంటే వాడే నేను!

అందుకే నెట్ సెంటర్లో జాగ్రత్త. సైట్‌లో లాగౌట్ కొడితే నీలం ముక్క తిరిగిచ్చేసినట్టే, కానీ మేష్టారు ఇంకా పక్కనే కూర్చుని ఉంటారు. వెనకాల వచ్చినవాడు మళ్ళీ 'గూగుల్‌తో వెళ్ళండి' నొక్కితే చీటీ రాసిచ్చేస్తారు. గూగుల్లోంచి కూడా బయటికి రండి.

ఇప్పుడో పని చేయండి. బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో విండో, అంటే పాత అట్టముక్కలేవీ వాడని కిటికీ, తెరిచి అదే సైట్‌కి వెళ్ళండి. "ఎవరబ్బాయివిరా?" అంటుంది. గూగుల్ బటన్ నొక్కండి. ఏళ్ళుగా తెలిసిన మేష్టారే మిమ్మల్ని పాస్‌వర్డ్ అడుగుతారు! అంటే ఆయన సొరుగులోనూ అట్టముక్కలున్నాయన్నమాట. నా పోలిక ఇక్కడ కొంచెం దెబ్బతింది. మేష్టారికి అంత మతిమరుపెందుకో మీరే చూసి, ఆదివారం ఫోన్లో నాకు చెప్పండి.

తాతయ్య,
పెదవాల్తేరు