మెట్లు ‘సౌకర్యం’గా మిగిలినన్నాళ్లు

2017 సెప్టెంబర్ 29, శుక్రవారం. మర్నాడే దసరా. ముంబయి ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్‌లో ఉదయం పదిన్నర వేళ వాన దంచికొడుతోంది. లోకల్ రైళ్లు దిగినవాళ్లు దిగినట్టే ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఎక్కుతున్నారు. గొడుగు లేనివాళ్లు రోడ్డు మీదికి వెళ్లలేక మెట్ల దగ్గరే ఆగిపోయారు. ముందున్నవాళ్లు కదలరు, వెనకున్నవాళ్లు ఆగరు. ఆ తొక్కిసలాటలో 23 మంది చనిపోయారు. ‘ఫూల్ గిర్ గయా’ (పూలు పడిపోయాయి) అన్న కేకను కొందరు ‘పుల్ గిర్ గయా’ (వంతెన కూలింది) అని విని బెదిరిపోయారని గాయపడిన ఒకరు చెప్పారు.

రైల్వే విచారణ వానను కారణంగా చూపింది. కానీ అసలు కథ స్టేషన్ బయట మొదలైంది. పరేల్, లోయర్ పరేల్, ప్రభాదేవి ఒకప్పుడు బట్టల మిల్లుల పేటలు. కరీంనగర్, నల్గొండ వైపు నుంచి వెళ్లిన మన పద్మశాలీలు కూడా ఇక్కడి మిల్లుల్లో పనిచేశారు. కార్మికుల్లో చాలామంది దగ్గరి చాళ్లలోనే (ఒకే గది ఇళ్ల వరసల్లో) ఉండి నడిచి పనికి వెళ్లేవారు. 1982 సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటీ మూతపడ్డాయి. ఆ స్థలాల్లో ఆఫీసు టవర్లు లేచాయి. వాటిలో పనిచేసేవాళ్లు దూరపు శివార్లయిన విరార్ నుంచి, కల్యాణ్ నుంచి రైలెక్కి వస్తారు. పశ్చిమ లైనులోని ఎల్ఫిన్‌స్టన్‌నూ మధ్య లైనులోని పరేల్‌నూ కలిపే ఆ పాత వంతెన మాత్రం అంతే ఇరుకుగా ఉండిపోయింది.

చదునైన నేల మీద తూలితే ఓ అడుగు పక్కకు వేసి నిలదొక్కుకోవచ్చు. మెట్ల మీద ఆ అవకాశం లేదు. ఒకరు పడితే పైవాళ్ల బరువంతా కిందివాళ్ల మీదికి వస్తుంది. వెనకున్నవాళ్లకు ముందేం జరిగిందో కనపడదు, నెడుతూనే ఉంటారు. ఛాతీ నొక్కుకుపోయి, నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే ఊపిరాడక చనిపోతారు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. రైల్వే లెక్కల్లో అప్పటిదాకా ఫుట్ ఓవర్ బ్రిడ్జి అంటే ‘ప్రయాణికుల సౌకర్యం’, అంటే వెయిటింగ్ హాలు, కుళాయిల కోవలోదే. భద్రత పద్దులో దానికి చోటు లేదు. ఎల్ఫిన్‌స్టన్‌కు కొత్త వంతెన మంజూరైనా టెండర్ల దశ దాటలేదు. ప్రమాదం జరిగిన మర్నాడు రైల్వే మంత్రి పీయూష్ గోయల్ ఆ 150 ఏళ్ల ఆనవాయితీని మార్చి, ఈ వంతెనలు తప్పనిసరి అని ప్రకటించారు. ఆ తర్వాత సైన్యాన్ని దించితే, 2018 ఫిబ్రవరి 27 కల్లా కొత్త వంతెన తెరుచుకుంది. పని నిజంగా మొదలయ్యాక పట్టింది నాలుగు నెలలే!

2025 ఫిబ్రవరి 15న, కుంభమేళా రద్దీలో, న్యూఢిల్లీ స్టేషన్ మెట్ల మీద మళ్లీ అదే జరిగింది. 18 మంది పోయారు. ఒక ప్రయాణికుడి తలమీది మూట జారిపడటంతో జనం తట్టుకుని పడ్డారని రైల్వే పార్లమెంటుకు చెప్పింది. ఆ ఘటన తర్వాతే ఫుట్ ఓవర్ బ్రిడ్జిలకు 12 మీటర్లు, 6 మీటర్ల వెడల్పుతో కొత్త ప్రామాణిక డిజైన్లు వచ్చాయి.