పంచె నలగని ముసలాయన

పోయిన సంక్రాంతికి నేనూ అమ్మా టీవీలో ఒక కొత్త సినిమా పెట్టుకుని కూర్చున్నాం. పేరు చెప్పను, చెప్పినా తేడా ఏమీ ఉండదు, ఇలాంటివి పది ఉన్నాయి. అందులో తండ్రికి పక్షవాతం వస్తుంది. కొడుకు విమానం దిగి పరిగెత్తుకుంటూ వస్తాడు. మంచం మీద ముసలాయన, తెల్లటి పంచె, ఇస్త్రీ మడత అలాగే ఉంది, దిండు గలేబు మీద ఒక్క మరక లేదు, గడ్డం పొద్దున్నే గీసినట్టుంది. కొడుకు చెయ్యి పట్టుకుని ఏడుస్తాడు, ఆయన కంట్లోంచి ఒక చుక్క జారుతుంది, పాట. పాట అయ్యేసరికి పెద్దాయన కొబ్బరితోటలో నడుస్తున్నాడు. అమ్మ ఏమీ అనలేదు. గోడ గడియారం చూసి "నాలుగైంది, మీ నాన్నగారిని ఇటు తిప్పాలి, లే" అంది.

మా నాన్నకి ఎడంపక్క పడిపోయి అప్పటికి పద్నాలుగు నెలలు. రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే వీపు మీద పుళ్లు పడతాయి. ముక్కులోంచి గొట్టం. రాగిజావ కాచి, పల్చటి పాత పంచె గుడ్డలో వడకట్టి, సిరంజితో ఎక్కించాలి, చిన్న ఉండ వెళ్లినా గొట్టం మూసుకుపోతుంది, మూసుకుపోతే మళ్లీ ఆటో, ఆస్పత్రి, మళ్లీ ఆ గొట్టం దించుతుంటే ఆయన పడే అవస్థ. తలవైపు దిళ్లు ఎత్తు పెట్టకుండా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇవన్నీ నాకు ఏ సినిమా చెప్పలేదు. సినిమా అన్నాక అబద్ధం ఉంటుంది, ఒప్పుకుంటాను, కానీ యాభై ఏళ్లుగా అదే అబద్ధమా అని విసుగొచ్చి, అసలు ఈ కథ మనకి ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎక్కడ ఆగిపోయింది అని వెనక్కి వెళ్లి చూశాను.

1972లో వచ్చిన ‘బడిపంతులు’ దగ్గర మొదలుపెడితే సరిపోతుంది. ఎన్టీఆర్, అంజలీదేవి. రిటైరైన మాస్టారినీ భార్యనీ కొడుకులు చెరొకరిని పంచుకుని విడదీసేస్తారు. కథ అచ్చంగా మనది కూడా కాదు, 1958లో కన్నడంలో వచ్చిన ‘స్కూల్ మాస్టర్’కి రీమేక్. అయినా మా మామ్మ ఆ సినిమా గురించి చెబితే మా ఊళ్లో జరిగిన గొడవ చెబుతున్నట్టే ఉండేది. ఎందుకు ఉండదు? గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక ఈ లంకలూ పల్లాలూ వరిచేలయ్యాయి, ఎకరానికి విలువ వచ్చింది, విలువ వచ్చిన చోట పంపకాలూ వచ్చాయి. పంపకాల కాగితంలో ముసలివాళ్లకి ఒక ముక్క ఉండేది. ఫలానా అరెకరం వాళ్లు బతికున్నంతకాలం అనుభవించి తర్వాత ఫలానా వాళ్లకి చెందాలి అనో, ఏడాదికి ఇన్ని బస్తాల ధాన్యం, ఇన్ని కొబ్బరికాయలు మనోవర్తి కింద ఇవ్వాలి అనో. అదీ కుదరకపోతే వంతులు.

మా మామ్మ వంతుల మీదే బతికింది. నెల పెదనాన్న దగ్గర, నెల మా దగ్గర. ఒకటో తారీఖు పొద్దున్నే ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని పాలేరు ముందు, చేతికర్రతో ఆవిడ వెనక, కాలవగట్టు మీద నడిచి వచ్చేవాళ్లు. సరిసంఖ్య నెలలు పెదనాన్నవి కాబట్టి ఫిబ్రవరి ఎప్పుడూ ఆయనకే పడేది, ఆ రెండు మూడు రోజుల సంగతి మా నాన్న ఏ పెళ్లిలో కలిసినా ఎత్తకుండా ఉండేవాడు కాదు. నవ్వుతూనే అనేవాడు, అయినా అనేవాడు.

అంటే అప్పటి ప్రశ్న అన్నం ఎవరు పెట్టాలనేది. 1970–75 మధ్య దేశంలో సగటు ఆయుష్షు 50 ఏళ్ల లోపే (ఆ లెక్కలో పసిపిల్లల చావులే చాలా భాగం అనుకోండి). ఇప్పుడది 70 దగ్గరికొచ్చింది. అప్పట్లో పెద్దలు మంచాన పడితే ఎక్కువమంది వారాల్లో పోయేవాళ్లు. మామ్మ సోమవారం జ్వరమంది, శుక్రవారానికి లేదు. ఇప్పుడు బీపీ మాత్రలు, స్టెంట్లు, డయాలసిస్, ఐసీయూ అన్నీ కలిసి మనిషిని నిలబెడుతున్నాయి, చాలాసార్లు మంచం మీద నిలబెడుతున్నాయి, ఏళ్ల తరబడి. ప్రశ్న వంటింట్లోంచి పడకగదిలోకి మారిపోయింది. సినిమా మాత్రం ఇంకా విస్తరి దగ్గరే కూర్చుని, ఎవరు వడ్డించలేదు, ఎవరు విసుక్కున్నారు అని లెక్కలేసుకుంటోంది.

ఆ లెక్కల కథని తెలుగునాడంతా ఆడించినాయన మా పాలకొల్లు మనిషే కావడం నాకు కొంచెం గర్వం, కొంచెం బాధ. దాసరి నారాయణరావు మొదటి సినిమా ‘తాత మనవడు’లోనే ఎస్వీ రంగారావుది కొడుకు పక్కన పెట్టేసిన తండ్రి పాత్ర. 1992లో ‘సూరిగాడు’, కష్టపడి చదివించిన కొడుక్కి తల్లిదండ్రులంటే నామోషీ. హాల్లో జనం వెక్కి వెక్కి ఏడ్చారు, నేనూ ఏడ్చాను. వీటి మధ్యలో 1991లో ఆయనే తీసిన ‘అమ్మ రాజీనామా’ మాత్రం వేరు, అమ్మ పనిని పనిగా లెక్కపెట్టి, ఇక నేను చెయ్యను అనిపించింది శారద చేత. ఆ దారిలో ఇంకో నాలుగడుగులు ఎవరన్నా వేసుంటే, మంచం పక్కన రాత్రంతా కూర్చునే పని కూడా తెర మీదకి వచ్చేదేమో. ఎవరూ వెయ్యలేదు. అందరికీ నచ్చిన భాగం ఇంకోటి: కోడలు. తలుపు చాటున నిలబడి మూతి తిప్పే కోడలు.

ఇక్కడ చట్టం సంగతి చెప్పాలి. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం ముసలి తల్లిదండ్రుల బాధ్యత కొడుకు మీదా కూతురి మీదా కూడా పెట్టింది. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 125వ సెక్షన్ కింద తల్లిదండ్రులు కూడా భరణం అడగొచ్చని చేర్చారు, పెళ్లయిన కూతురికి కూడా అది వర్తిస్తుందని 1987లో సుప్రీంకోర్టు చెప్పింది. 2007లో తల్లిదండ్రులు, వయోవృద్ధుల కోసం విడిగా చట్టం వచ్చింది. అర్జీ ఆర్డీవో దగ్గర పెట్టుకోవచ్చు, లాయరు అక్కర్లేదు, నెలకి 10,000 రూపాయల దాకా ఇప్పించొచ్చు. ఆ చట్టంలో ‘పిల్లలు’ అంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు. కోడలు లేదు! అల్లుణ్ణీ కోడల్నీ చేరుద్దామని 2019లో ఒక బిల్లు పెట్టారు, అది పాసవ్వకుండానే మురిగిపోయింది. చట్టం పేరే ఎత్తని మనిషిని సినిమా యాభై ఏళ్లుగా బోనులో నిలబెట్టింది, ఇళ్లల్లో చూస్తే గొట్టంలో జావ పోసేది ఎక్కువచోట్ల ఆవిడే. మా ఇంట్లో మొదటి ఆరు నెలలు మా వదినే చేసింది, నేను హైదరాబాద్ నుంచి ఫోన్‌లో సలహాలు చెప్పేవాణ్ణి. ఆవిడ నడుం పట్టేశాకే నేను వచ్చాను, అది కూడా రాసుకోవాలి కదా.

కూతురి సంగతి ఇంకా తమాషా. బడిపంతులుగా కొడుకుల చేతిలో నలిగిన ఎన్టీఆరే ముఖ్యమంత్రయ్యాక 1986లో ఆడపిల్లకి పిత్రార్జితంలో కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చే సవరణ తెచ్చాడు, 1985 సెప్టెంబర్ 5 నాటికి పెళ్లికాని వాళ్లకి. దేశం మొత్తానికి అది రావడానికి 2005 దాకా పట్టింది. అలాంటి చోట, తెర మీద కూతురు ఇంకా గుమ్మంలో నిలబడి కళ్లొత్తుకునే పాత్రే ఎక్కువ.

ఆస్తి మాటొచ్చింది కాబట్టి ఒకటి చెప్పి ముందుకెళ్తాను. 2007 చట్టంలో 23వ సెక్షన్ ఉంది, చూసుకుంటామనే షరతు మీద ఆస్తి రాయించుకుని చూడకపోతే ఆ రాత చెల్లదని ప్రకటించొచ్చు. 2022 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ షరతు ఉన్నట్టు చూపించాలంది, 2025 జనవరిలో ఇంకో తీర్పులో ఈ చట్టాన్ని పెద్దలవైపు నుంచి ఉదారంగా చదవాలంది. మా వైపు రిజిస్ట్రారాఫీసు దగ్గర దస్తావేజులు రాసేవాళ్లు "ప్రేమాభిమానాలతో" అని ఒక ముక్క రాసి ఊరుకుంటారు. చూసుకోవాలనే మాట కూడా స్పష్టంగా రాయించుకోండి బాబూ, ఎన్ని సినిమాలు చూసి ఏడ్చినా ఈ ముక్క ఎవరూ చెప్పరు.

తర్వాత పిల్లలు అమెరికా వెళ్లారు, కథ కూడా వెళ్లింది. 2017 సంక్రాంతికి వచ్చిన ‘శతమానం భవతి’ మా ఆత్రేయపురం కథే. పిల్లలందర్నీ పండక్కి రప్పించడానికి తాత విడాకులని కబురు పంపుతాడు. జాతీయ అవార్డు కూడా వచ్చింది. చూడ్డానికి బావుంది, ఊరు ఇంకా బావుంది. దాని తర్వాత కోనసీమ అంటే పూతరేకులు, పడవ, పందిట్లో అరిటాకులు, చివర్లో అందరూ ఒక ఫోటో, ఇదే వరస. పిల్లలు వచ్చారు సరే, కనుమ మర్నాడు ఫ్లైట్ ఎక్కుతారు కదా, అక్కణ్ణుంచి చెప్పండి! 2012 నాటి ‘మిథునం’ నాకు ఇష్టం, ఇద్దరు ముసలివాళ్లే సినిమా అంతా, కానీ అది కాళ్లూ చేతులూ ఆడుతున్నంత కాలం కథ.

అక్కణ్ణుంచి కథ నేను చెప్పగలను. మా వీధిలో నాలుగిళ్లలో డెబ్బై దాటిన జంటలే. వరండాలో సీసీ కెమెరా, డల్లాస్‌లో కూర్చుని కొడుకు చూస్తాడు, అమ్మ మందులేసుకుందా లేదా అని. రాత్రి రెండింటికి ఆయాసం వస్తే కారు తీసేది మాత్రం వాళ్ల పొలం కౌలుకి చేసేవాడు. అతనిలో అభిమానమూ ఉంది, వచ్చే ఏడాది కౌలు వేరేవాళ్లకి పోకూడదనే లెక్కా ఉంది, ఏది ఎంతో అతనికీ తెలీదు. ఇంత మంచి పాత్ర చేలో నిలబడి ఉంటే హీరో స్నేహితుడి కామెడీ రాసుకుంటారు. ఒకటో తారీఖు పింఛను కూడా అంతే. 1995లో కేంద్రం మొదలుపెట్టినప్పుడు 75 రూపాయలు, ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి 4,000. ఆ నాలుగువేలు వచ్చాక మామ్మల మాటకి ఇంట్లో కొంచెం బరువు పెరిగింది, ఆ రోజు మనవళ్లు ఎంత మర్యాదగా ఉంటారో చూడాలి. ఏ సినిమాలోనూ ఏ ముసలావిడా పింఛను తీసుకోగా నేను చూడలేదు.

నేను వచ్చాక నాన్నకి ఒక మనిషిని పెట్టాం. నరసాపురం వైపు ఆవిడ, పదకొండేళ్లు కువైట్‌లో ఉండి వచ్చింది. మా ఉభయ గోదావరి జిల్లాల నుంచి ఆడవాళ్లు గల్ఫ్‌కి ఇంటిపనికి ఎప్పటినుంచో వెళ్తున్నారు, అక్కడ పిల్లల్ని పెంచుతారు, ముసలివాళ్లకి చేస్తారు. మనిషిని లేపకుండా దుప్పటి మార్చడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. నాన్నని ఒక పక్కకి ఒత్తిగిల్లబెట్టి, తడిసిన దుప్పటిని చుట్టచుట్టి వీపు కిందకి తోసి, పొడి దుప్పటిని సగం పరిచి మిగతా సగాన్ని ఆ చుట్ట పక్కనే చుట్టిపెట్టి, ఆయన్ని ఆ గట్టు దాటించి రెండో పక్కకి తిప్పి, తడిది లాగేసి, పొడిది పరిచెయ్యడం. రెండు నిమిషాలు. మేం అంతకుముందు ముగ్గురం కలిసి పావుగంట కుస్తీ పట్టేవాళ్లం, నాన్న మూలిగేవాడు.

"ఇదంతా ఎవరు నేర్పారండి?" అంటే "అక్కడ పెద్దావిడకి ఆరేళ్లు చేశానండి" అంది.

"మరి మీ అమ్మగారికి?"

"మా మరదలు చేసిందండి. నేను డబ్బులు పంపేదాన్ని. పోయినప్పుడు ఫోన్‌లో చూపించారు."

ఆ సంక్రాంతి రోజు కూడా నాలుగింటికి ఆవిడే వచ్చింది. సినిమా ఆపేసి ఉంది, తెర మీద ముసలాయన కొబ్బరితోటలో చెయ్యెత్తి ఎవర్నో పిలుస్తున్నట్టు ఆగిపోయాడు. పాట గుమ్మంలోంచి ఆవిడా చూసినట్టుంది. నాన్నని అటు తిప్పి, వీపుకి పౌడరు రాసి, యూరిన్ బ్యాగ్ ఖాళీ చేసి వచ్చి, చేతులు కడుక్కుంటూ టీవీ వైపు చూసింది.

"పాట అయ్యేలోపు లేచి నడిచేశారే! ఆయ్, ఆ డాక్టరెవరో కనుక్కోండి బాబుగారూ, మన నాన్నగార్ని కూడా తీసుకెళ్దాం" అని, జావ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది.