రీకాంబినెంట్ మ్యాట్రిక్స్ ప్రొటీన్ పూత: అపోహలు - వాస్తవాలు

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచి కణాల పెంపకం పనిలోకి వచ్చే మన తెలుగు పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఇది: "వయల్ కొత్తదే, ప్లేటు కొత్తదే, కణాలు మాత్రం అంటుకోలేదు. ప్రొటీన్ పాడైపోయిందా?" చాలాసార్లు ప్రొటీన్ బాగానే ఉంటుంది. పూత వేసిన పద్ధతిలోనే లోపం. చిన్న వయల్ కోసం వారాల తరబడి ఎదురుచూసే చోట ఒక్క ప్లేటు వృథా అయినా బాధగానే ఉంటుంది. కణాలు ప్లాస్టిక్‌ను పట్టుకోవడానికి ప్లేటు అడుగున పూతగా వేసే ప్రొటీన్లు ఇవి: విట్రోనెక్టిన్, లామినిన్-521, ఫైబ్రోనెక్టిన్. అందుకే ఈ మూడింటి గురించి వినిపించే అపోహలను ఇక్కడ విడదీసి చెబుతున్నాం.

అపోహ: "హ్యూమన్ అని రాసుంది కదా, మనిషి రక్తం నుంచే తీసి ఉంటారు."

రీకాంబినెంట్ అంటే మనిషి జన్యువును వేరే కణంలో పెట్టి, ఆ కణం చేత ప్రొటీన్ చేయించడం. స్టెమ్ సెల్స్‌కు (మూలకణాలకు) వాడే కుదించిన విట్రోనెక్టిన్‌ను ఈ.కోలై బ్యాక్టీరియాలో చేస్తారు. లామినిన్-521లో మూడు గొలుసులు సరిగ్గా పెనవేసుకోవాలి కాబట్టి దాన్ని హెచ్‌ఈకే-293 అనే మానవ కణాల్లో చేస్తారు. బ్యాక్టీరియాలో చేసిన ప్రొటీన్‌కు మన కణాల్లో చేరే చక్కెర గొలుసులు ఉండవు. మాక్రోఫేజ్‌ల వంటి రోగనిరోధక కణాలతో పని చేసేవారు ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా గోడ నుంచి వచ్చే విషపదార్థం) స్థాయి కూడా తప్పక చూడాలి. ఇంకో జాగ్రత్త: ప్లాస్మా నుంచి శుద్ధి చేసిన ఫైబ్రోనెక్టిన్‌ను కూడా 'హ్యూమన్' పేరుతోనే అమ్ముతారు. లేబుల్ మీద 'రీకాంబినెంట్' అన్న మాట ఉందో లేదో చూడండి.

అపోహ: "మైక్రోగ్రామ్ పర్ ఎంఎల్ సరిచూసుకుంటే చాలు. కాస్త ఎక్కువైతే ఇంకా మంచిది."

ఎక్కువమంది తప్పేది ఈ లెక్క దగ్గరే. పూత అంటుకునేది ప్లాస్టిక్ ఉపరితలానికి. కాబట్టి చదరపు సెంటీమీటరుకు ఎన్ని మైక్రోగ్రాములన్నదే అసలు లెక్క. స్టెమ్ సెల్స్‌కు విట్రోనెక్టిన్ సాధారణ మోతాదు చదరపు సెంటీమీటరుకు 0.5 మైక్రోగ్రాము. స్టాకు (వయల్‌లోని గాఢ ద్రావణం) మిల్లీలీటరుకు 0.5 మిల్లీగ్రాము ఉంటే, 6 గుంతల ప్లేటుకు 60 మైక్రోలీటర్ల స్టాకు తీసి 6 మిల్లీలీటర్ల డీపీబీఎస్‌లో (కణాలకు వాడే ఉప్పు ద్రావణం, పీబీఎస్‌లో ఒక రకం) కలిపి, గుంతకు ఒక మిల్లీలీటరు చొప్పున పోయాలి. గుంత వైశాల్యం సుమారు 10 చదరపు సెంటీమీటర్లు, అందులో పడేది 5 మైక్రోగ్రాములు. లెక్క సరిపోయింది.

96 గుంతల ప్లేటులో ఇదే నిష్పత్తి తిప్పలు పెడుతుంది. గుంత వైశాల్యం 0.32 చదరపు సెంటీమీటర్లే కాబట్టి లెక్క ప్రకారం 32 మైక్రోలీటర్లు చాలు. కానీ అంత తక్కువ ద్రవం అంచుల వెంబడి పాకి, నడిమధ్య పూత సరిగా పడదు. తర్వాత చూస్తే కణాలు ఉంగరంలా గుంత చుట్టూ మాత్రమే పెరిగి ఉంటాయి. 50 మైక్రోలీటర్లు పోయండి, గాఢతను మిల్లీలీటరుకు 3.2 మైక్రోగ్రాములకు తగ్గించండి. గుంతలో పడేది అదే 0.16 మైక్రోగ్రాము.

ఉపరితలం ఒకసారి నిండాక ఇంకెంత పోసినా మిగిలినది పీల్చి పారేసే ద్రవంలోనే పోతుంది. పలుచగా కలిపిన ద్రావణాన్ని ట్యూబులో రేపటికని దాచకండి. ఆ గాఢతలో ప్రొటీన్ ట్యూబు గోడకే అంటుకుపోతుంది.

అపోహ: "ఏ పీబీఎస్ అయినా ఒకటే."

లామినిన్‌కు కాల్షియం, మెగ్నీషియం ఉన్న డీపీబీఎస్ కావాలి. దాని అణువులు ఒకదానితో ఒకటి అల్లుకోవడానికి కాల్షియమే ఆధారం. విట్రోనెక్టిన్‌ను సాధారణంగా ఆ రెండూ లేని డీపీబీఎస్‌లో కలుపుతారు. విట్రోనెక్టిన్‌కు గది ఉష్ణోగ్రతలో ఒక గంట చాలు. లామినిన్-521కు ఫ్రిజ్‌లో రాత్రంతా, లేదా 37 డిగ్రీల దగ్గర 2 గంటలు ఇవ్వాలి. పూత ద్రావణంలో సీరం గానీ ఆల్బుమిన్ గానీ కలపొద్దు. మన ప్రొటీన్ కంటే ముందు అవే ప్లాస్టిక్‌ను ఆక్రమిస్తాయి. ప్లేటు రకమూ ముఖ్యమే. కొన్ని విట్రోనెక్టిన్‌లు కల్చర్ ట్రీట్‌మెంట్ లేని ప్లేట్ల మీద మాత్రమే పని చేసేలా తయారవుతాయి. కాబట్టి వయల్‌తో వచ్చిన కాగితం చదవకుండా ప్లేటు తెరవకండి.

అపోహ: "కాసేపు ఆరితే ఏమవుతుంది?"

లామినిన్ ఆరిందంటే ఇక పనికిరాదు. తిరిగి తడిపినా కణాలు దాన్ని గుర్తుపట్టవు. హుడ్‌లో (శుద్ధమైన గాలి వీచే పని పెట్టెలో) మూత తీసి ఉంచితే గాలి వేగానికి పూత నిమిషాల్లో ఆరుతుంది. పూత ద్రవం పీల్చేముందే కణాలు సిద్ధంగా ఉండాలి. ఒకేసారి ఆరు గుంతలూ ఖాళీ చేయకుండా రెండేసి గుంతలు ఖాళీ చేస్తూ నింపుకుంటూ పోండి. ఫ్రిజ్‌లో దాచే ప్లేటుకు చుట్టూ పారాఫిల్మ్ (సాగే పలుచటి పొర) బిగించి, సమతలంగా ఉంచండి. వాలితే ఒక పక్క ఆరిపోతుంది.

అపోహ: "వోర్టెక్స్ చేస్తే బాగా కలుస్తుంది."

వోర్టెక్స్ అంటే ట్యూబును వేగంగా కుదిపే యంత్రం. ఫైబ్రోనెక్టిన్‌ను అలా గట్టిగా కుదిపితే దారాలుగా గడ్డకడుతుంది. పొడిగా వస్తే నీళ్లు పోసి 37 డిగ్రీల దగ్గర అరగంట కదపకుండా వదిలేయండి. చల్లటి ద్రావణంలో ఇది సరిగా కరగదు. దీని పాత పేరే 'కోల్డ్ ఇన్‌సాల్యుబుల్ గ్లోబ్యులిన్'. ఐస్ మీద పెట్టి కరిగిద్దామనుకునేవారికి ఆ పేరే సమాధానం.

అపోహ: "ఫ్రీజర్‌లో పెడితే చాలు, భయం లేదు."

ఏ ఫ్రీజర్ అన్నది చూడాలి. దానంతటదే మంచు కరిగించుకునే ఫ్రీజర్‌లో వేడి, చలి మారుతూ ఉంటాయి. ఆ ఊగిసలాటే ప్రొటీన్‌ను దెబ్బతీస్తుంది. వయల్ రాగానే ఒక ప్లేటుకు సరిపడా 60 మైక్రోలీటర్ల చొప్పున తక్కువ అంటుకునే పాలీప్రొపిలీన్ ట్యూబుల్లో పంచి, మైనస్ 80లో పెట్టండి. ఒకసారి కరిగించిన ట్యూబును మళ్లీ గడ్డకట్టించొద్దు.

గంజాం, గజపతి జిల్లాల్లో ఉన్నవారు అక్టోబరును గుర్తు పెట్టుకోవాలి. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. తిత్లీ వచ్చింది 2018 అక్టోబరులో. తుపాను హెచ్చరిక రాగానే ట్యూబులను రెండు వేర్వేరు ఫ్రీజర్లకు పంచండి. ఖాళీ అరల్లో గడ్డకట్టిన నీళ్ల సీసాలు నింపండి. కరెంటు పోయాక తలుపు తీయకండి. పార్సెల్ విషయానికొస్తే, భువనేశ్వర్ నుంచి బరంపురానికి రోడ్డు మీద సుమారు 170 కిలోమీటర్లు. మామూలు థర్మోకోల్ పెట్టెలో డ్రై ఐస్ రోజుకు 2 నుంచి 4 కిలోలు ఆవిరైపోతుంది. పెట్టె తెరిచిన వెంటనే డ్రై ఐస్ ఎంత మిగిలిందో ఫోటో తీసి ఉంచుకోండి. సోమవారం పంపమని ముందే చెబితే ఆదివారం గోడౌన్‌లో పడి ఉండే ప్రమాదం తప్పుతుంది.

అపోహ: "మ్యాట్రిజెల్ బదులు దీన్ని అన్నిటికీ వాడొచ్చు."

పలుచటి పూతగా అయితే చాలావరకు వాడొచ్చు. ఆర్గనాయిడ్లను (అవయవాన్ని పోలిన చిన్న కణముద్దలను) పొదిగే గుమ్మటంగా మాత్రం కుదరదు. ఎలుక కణితి నుంచి తీసే మ్యాట్రిజెల్ 10 డిగ్రీలు దాటితే జెల్‌గా గట్టిపడుతుంది. ఈ మూడు ప్రొటీన్లూ అలా గట్టిపడవు.

అపోహ: "కొలాజెన్ పొడి తాగుతున్నాం కదా, దీన్ని మోకాలికో పుండుకో వాడితే?"

వద్దు. పరిశోధనకే అని రాసిన వయల్‌ను మనుషుల మీద వాడటానికి పరీక్షించలేదు. లేబుల్ మీది ఆ మాట ఇంటివాళ్లకూ చదివి వినిపించండి.

అపోహ: "సీరం ఉన్న మీడియాలో కణాలు అంటుకున్నాయి, కాబట్టి పూత బాగుంది."

సీరంలోనే విట్రోనెక్టిన్, ఫైబ్రోనెక్టిన్ ఉంటాయి. పూత లేని గుంతలోనూ కణాలు అంటుకుంటాయి. అందుకే పరీక్ష సీరం లేకుండా చేయాలి. 96 గుంతల ప్లేటులో కొన్ని గుంతలకు కొత్త ప్రొటీన్, కొన్నిటికి పాత లాటు (ముందటి బ్యాచ్) వేసి, కొన్నిటిని ఏమీ వేయకుండా వదిలేయండి. వేడిచేసి చల్లార్చిన 1 శాతం ఆల్బుమిన్‌తో అన్ని గుంతలనూ అరగంట నింపి ఉంచండి. పరీక్షకు వాడే ఫైబ్రోబ్లాస్ట్‌లను (చర్మం వంటి కణజాలంలోని కణాలను) ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌తో లేపితే, దాన్ని ఆపడానికి సీరం కాకుండా సోయా ట్రిప్సిన్ ఇన్హిబిటర్ వాడండి. 37 డిగ్రీల దగ్గర 45 నిమిషాలు ఉంచి, మెల్లగా కడిగి, ఫిక్స్ చేసి, 0.1 శాతం క్రిస్టల్ వయొలెట్‌తో రంగు వేయండి. తర్వాత బాగా కడిగి, 10 శాతం అసిటిక్ ఆమ్లంలో రంగు కరిగించి 590 నానోమీటర్ల దగ్గర చదవండి. ఆల్బుమిన్ మాత్రమే ఉన్న గుంతల్లోనూ రంగు గాఢంగా వస్తే ఆ ఫలితాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. పాత లాటు మీద కణాలు బాగా అంటి కొత్తదాని మీద అంటకపోతే, అప్పుడు ప్రొటీన్‌ను అనుమానించి సరఫరాదారుకు లాటు నంబరుతో రాయండి.