పిస్టల్‌కి కొత్త లూబ్రికెంట్ వాడుతున్నారా? అపోహలు - వాస్తవాలు

పిస్టళ్ల నిర్వహణ, మరమ్మతు నా పని. కొత్త లూబ్రికెంట్ ఏది వచ్చినా షూటర్లు నన్ను అడిగేది ఒకటే: "ఇది మంచిదేనా?" దేనికి మంచిది కావాలని నేను తిరిగి అడుగుతాను. మసి వదిలించడానికా, కదిలే భాగాలు అరగకుండానా, తుప్పు పట్టకుండానా? ఈ మూడూ వేర్వేరు పనులు. మసిని వదిలించే ద్రవం పలచగా ఉండి సందుల్లోకి చొరబడాలి. అరుగుదలను ఆపే నూనె వేసిన చోటే నిలబడాలి. తుప్పును ఆపే పొర నెలల తరబడి ఆరకుండా ఉండాలి. ఒక పనికి పనికొచ్చే గుణమే ఇంకో పనికి అడ్డం. సీసా మీద ఈ మూడింటినీ ఒకే వాక్యంలో కలిపి రాసేస్తారు. నాకు ఎదురయ్యే అపోహల్లో చాలావరకు అక్కడ పుట్టినవే.

అసలు విషయంలోకి వెళ్లే ముందు ఒక్క మాట. ఏ నూనె వేసి చూడాలన్నా ముందు తూటాలు నింపే మ్యాగజైన్ తీయాలి, స్లైడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ కదిలే లోహపు భాగం) వెనక్కి లాగాలి, ఛాంబర్ (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందో లేదో కళ్లతో చూసి వేలితో కూడా తడిమి చూసుకోవాలి. గ్లాక్ లాంటి కొన్ని పిస్టళ్లను విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కక తప్పదు. "శుభ్రం చేస్తుంటే పేలిపోయింది" అనే కథలు ఎక్కువగా మొదలయ్యేది అక్కడే. శుభ్రం చేసే గదిలో తూటాలు ఉండనే కూడదు.

అపోహ: మంచి నూనె లోహపు రంధ్రాల్లోకి ఇంకుతుంది, తుడిచేసినా లోపల పనిచేస్తూనే ఉంటుంది.

స్లైడ్‌కీ బ్యారెల్‌కీ వాడే ఉక్కు స్పాంజి కాదు, నూనెను పీల్చుకోదు. జరిగేది వేరు. నూనెలో కలిపిన కొన్ని రసాయనాలు లోహం పైభాగానికి అంటుకుని చాలా పలచటి పొర కడతాయి. స్లైడ్ వెనక్కి దూసుకెళ్లి, ఆగి, మళ్లీ ముందుకొచ్చే ఆ కాస్త సమయంలో రెండు లోహాల మధ్య నుంచి నూనె పక్కకు తప్పుకుంటుంది. అప్పుడు అడ్డుగా మిగిలేది ఆ పొర మాత్రమే. అది కూడా ప్రతి రాపిడికీ కొంచెం కొంచెం పోతూ, పక్కనున్న నూనె నుంచి మళ్లీ కడుతూ ఉంటుంది. నూనె మొత్తం తుడిచేస్తే అలా మళ్లీ కట్టడానికి అక్కడ ఏమీ మిగలదు.

నూనెను పట్టి ఉంచేది ఉక్కు కాదు, ఉక్కు మీద ఉన్న పూత. పాత మిలిటరీ పిస్టళ్ల మీద కనిపించే బూడిదరంగు ఫాస్ఫేట్ పూత గరుకుగా, సన్నటి రంధ్రాలతో ఉంటుంది కాబట్టి నూనెను బాగా పట్టుకుంటుంది. బ్లూయింగ్ చేసిన, అంటే రసాయనంతో నీలి నలుపు పొర కట్టించిన ఉక్కు కొద్దిగానే పట్టుకుంటుంది. నున్నటి క్రోమ్, పాలిష్ చేసిన స్టెయిన్‌లెస్ దాదాపు పట్టుకోవు. ఒకే సీసాలోని నూనె గురించి ఒకరు "బ్రహ్మాండం" అంటే, ఇంకొకరు "రెండు రోజులకే ఎండిపోయింది" అనడానికి తరచు కారణం ఇదే. ఇద్దరూ చెప్పేది నిజమే, వాళ్ల పిస్టళ్ల మీది పూతలే వేరు.

అపోహ: ఎంత ఎక్కువ వేస్తే అంత మంచిది.

నా టేబుల్ మీదికి వచ్చే పిస్టళ్లలో నూనె లేక ఇబ్బంది పెట్టేవి తక్కువ, నూనె ఎక్కువై ఇబ్బంది పెట్టేవే ఎక్కువ. గ్లాక్ మాన్యువల్ చెప్పేది కొద్ది చుక్కలే. బ్యారెల్ బయట, స్లైడ్ లోపల అది రాసుకునే చోట, స్లైడ్ గాడుల్లో పలచగా రాస్తే సరిపోతుంది. ఇవన్నీ చాలామందికి గుర్తుంటాయి. వెనక కుడివైపున ట్రిగ్గర్ బార్ చివర, కనెక్టర్ అనే చిన్న రేకుకు తగిలే చోట వేయాల్సిన చుక్కను మాత్రం మర్చిపోతారు. అది ఎండితే ట్రిగ్గర్ గరగరలాడుతుంది, అది నూనె కంపెనీ తప్పని అనుకుంటారు. అక్కడ కూడా టూత్‌పిక్ కొనకు అంటినంత చాలు.

అసలు వేయకూడని చోట్లు ఇంకా ముఖ్యం. ఫైరింగ్ పిన్ నడిచే గొట్టం పొడిగా ఉండాలి. అందులోకి నూనె దిగితే మసి, ఇత్తడి రజను కలిసి బంకగా తయారవుతాయి. పిన్ వేగం తగ్గుతుంది, ప్రైమర్ (తూటా అడుగున నిప్పు పుట్టించే చిన్న భాగం) మీద దెబ్బ సరిగ్గా పడదు. అందుకే స్లైడ్ లోపల తూటా అడుగు ఆనే ముఖాన్ని బ్రష్‌తో రుద్దేటప్పుడు బ్యారెల్ కొన కిందికి ఉండేలా పట్టుకుంటే ద్రవం వెనక్కి పారదు. మ్యాగజైన్ లోపల కూడా నూనె వద్దు. దుమ్ము పట్టడం ఒక సమస్య అయితే, ఆ నూనె తూటాల మీదికి ఎక్కడం ఇంకో సమస్య. చొరబడే గుణం ఉన్న నూనె ప్రైమర్‌లోకి దిగితే తూటా పేలకపోవచ్చు. ఛాంబర్‌ను కూడా కాల్చే ముందు పొడిగా తుడవాలి. కాల్చినప్పుడు తూటా తొడుగు ఉబ్బి ఛాంబర్ గోడను పట్టుకుంటుంది. గోడ జిడ్డుగా ఉంటే ఆ పట్టు తగ్గి, వెనకనున్న భాగాల మీద తోపుడు పెరుగుతుంది. ఇక బ్యారెల్‌లో మిగిలిన నూనె వల్ల మొదటి గుండు మిగతావాటితో కలవకుండా పక్కకు పడుతుంది. మ్యాచ్ షూటర్లకు ఇది కొత్త సంగతేం కాదు.

మరి ఎక్కడ వేయాలో ఎలా తెలుస్తుంది? స్లైడ్ గాడుల్లో, బ్యారెల్ మీద పర్మనెంట్ మార్కర్‌తో రంగు పూసి, బిగించి, ఖాళీ పిస్టల్ స్లైడ్‌ను చేత్తో కొన్నిసార్లు లాగి వదలండి. విప్పి చూస్తే రంగు చెరిగిన చోటల్లా లోహం లోహానికి తగులుతున్నట్టు. బ్యారెల్ పైన ఛాంబర్ దగ్గర ఒక అడ్డగీత, కొన దగ్గర కింది వైపు నెలవంక లాంటి మరక, గాడుల్లో అక్కడక్కడ కొద్ది మేర: చాలా పిస్టళ్లలో కనిపించేది ఇంతే. నూనె వేయాల్సింది ఆ గీతల మీదే. మార్కర్ రంగును స్పిరిట్‌తో తుడిచేస్తే సరి.

అపోహ: క్లీనర్, లూబ్రికెంట్, తుప్పు నివారణ మూడూ ఒకే సీసాలో ఉంటే వేరేవి అక్కర్లేదు.

సీఎల్‌పీ అనే ఈ రకం సైనికుల సౌకర్యం కోసం తయారైంది. అమెరికా సైన్యం దానికి మిల్-ఎల్-63460 పేరుతో ఒక ప్రమాణమే రాసుకుంది. మైదానంలో ఉన్నవాడు మూడు సీసాలు మోయలేడు కదా. ఒక్క సీసాతో మూడు పనులూ బాగానే జరుగుతాయి, కానీ ఏ ఒక్కటీ ఆ పనికే తయారైన దానంత బాగా జరగదు. నెలకోసారి కాల్చి ఇంటికి రాగానే తుడిచేవాళ్లకు సీఎల్‌పీ చాలు. బ్యారెల్‌లో గట్టిపడిన సీసం పొర దీనికి లొంగదు, దానికి సాల్వెంట్, కంచు బ్రష్, కాస్త ఓపిక కావాలి. ఆరు నెలలు బీరువాలో ఉంచబోయే పిస్టల్‌కి తుప్పు నివారణకే తయారైనది వేయడం మేలు. ఇంకో సంగతి, పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) పొడి కలిపిన నూనె అయితే ఆ పొడి సీసా అడుగున పేరుకుంటుంది. ప్రతిసారీ బాగా కుదపకపోతే మీరు వాడుతున్నది మామూలు నూనె.

అపోహ: మెషిన్ మీద చేసిన రాపిడి పరీక్షలో గెలిచిన నూనే పిస్టల్‌కీ మంచిది.

తిరిగే చక్రానికి ఉక్కు ముక్కను ఒత్తి పెట్టి, ఏ నూనె ఎంత బరువు దాకా ఆగుతుందో చూపించే వీడియోలు చాలానే ఉన్నాయి. చూడటానికి బాగుంటాయి. కానీ ఆ మెషిన్‌లో ఒత్తిడి ఒక సన్నటి గీత మీద, ఆగకుండా పడుతుంది. పిస్టల్ గాడుల్లో ఒత్తిడి అందులో లేశం, కదలిక కూడా వచ్చిపోయేదే. పైగా ఈ పరీక్షలో క్లోరినేటెడ్ పారఫిన్ కలిపిన నూనెలు సులువుగా గెలుస్తాయి. వేడెక్కిన ఉక్కుతో క్లోరిన్ చర్య జరిపి జారుడు పొర కడుతుంది మరి. అదే రసాయనం తేమ ఉన్నచోట విడిపోతే ఆమ్లం తయారై ఉక్కును తినేస్తుంది. వీడియోలో గెలిచింది బీరువాలో తుప్పు పట్టించవచ్చన్నమాట. ఇలాంటి వీడియో చూసి నేనైతే ఏదీ కొనను.

అపోహ: గ్రీజు పెద్ద తుపాకులకే, పిస్టల్‌కి నూనె మాత్రమే.

జారే చోట గ్రీజు, తిరిగే చోట నూనె అని ఆర్మరర్లలో (ఆయుధాలు బాగుచేసేవాళ్లలో) పాత లెక్క ఒకటుంది. అది ఇప్పటికీ పనిచేస్తుంది. 1911 మోడల్ లాగా పొడవాటి ఉక్కు గాడులున్న పిస్టల్‌కైనా, సిగ్ పీ226 లాగా అల్యూమినియం ఫ్రేమ్ మీద ఉక్కు స్లైడ్ నడిచే పిస్టల్‌కైనా గాడుల్లో సన్నటి గ్రీజు పొర నూనె కన్నా ఎక్కువసేపు నిలుస్తుంది. పాలిమర్ ఫ్రేమ్‌లో తగిలేవి చిన్న చిన్న లోహపు ముక్కలే కాబట్టి అక్కడ నూనె చుక్క చాలు. గట్టి చలిలో మాత్రం గ్రీజు చిక్కబడి స్లైడ్ మందగిస్తుంది. .22 (చిన్న తూటా వాడే) పిస్టళ్లలో తూటా శక్తి అసలే తక్కువ, వాటిలో ఈ తేడా ముందు కనిపిస్తుంది. పాత గ్రీజు మీద కొత్తది పూయకండి. రెండింటిలో గ్రీజును చిక్కబరిచే పదార్థాలు ఒకదానికొకటి పడకపోతే మెత్తబడి కారిపోతుంది.

అపోహ: ఇంట్లో ఉన్న ఏ నూనె అయినా సరిపోతుంది.

కుట్టుమిషన్ నూనె అత్యవసరానికి పర్వాలేదు, కానీ తుప్పును పెద్దగా ఆపదు. వంటనూనె వద్దు. గాలి తగిలేకొద్దీ గట్టిపడి బంక అవుతుంది. డబ్ల్యూడీ-40ని 1953లో అట్లాస్ క్షిపణి పైపొర మీద తేమను తరిమేయడానికి తయారు చేశారు, తడిసిన పిస్టల్‌కి ఆ పని బాగానే చేస్తుంది. అందులో ఎక్కువ భాగం ఆవిరైపోయాక మిగిలే పొర మాత్రం గాడుల్లో రాపిడికి చాలదు. గ్రాఫైట్ పొడి తాళాలకు మంచిదే గానీ, తేమ తోడైతే అల్యూమినియం ఫ్రేమ్‌ను తుప్పు తినేలా చేస్తుంది. ఎయిర్ పిస్టల్ సంగతి పూర్తిగా వేరు. అధిక పీడనపు గాలి ఉండే చోట పెట్రోలియం నూనె ప్రమాదం. తయారీదారు చెప్పింది తప్ప వేరేది ముట్టించకండి.

అపోహ: గుడ్డముక్క తెల్లగా వచ్చేదాకా బ్యారెల్ శుభ్రం కానట్టే.

కొత్త క్లీనర్ కొన్నవాళ్లు ఈ ఉచ్చులో పడతారు. అమోనియా ఉన్న సాల్వెంట్ రాగిని కరిగించినప్పుడు గుడ్డ నీలంగా మారుతుంది. అయితే మీరు బ్యారెల్ తోమే రాడ్ కొనకున్న ఇత్తడి ముక్కలో, కంచు బ్రష్‌లో కూడా రాగి ఉంది. అవి కరుగుతూ ఉంటే గుడ్డ ఎప్పటికీ నీలంగానే వస్తుంది. నైలాన్ బ్రష్, ప్లాస్టిక్ కొన వాడితే అసలు సంగతి బయటపడుతుంది. నికెల్ పూత ఉన్న పిస్టల్ మీద అమోనియా సాల్వెంట్ అసలు వద్దు. కింద రాగి పొర ఉంటే పూత పెచ్చులుగా లేచిపోతుంది. .22 మ్యాచ్ పిస్టళ్ల బ్యారెల్‌ను అదే పనిగా తోముతూ, రాడ్‌తో కొన అంచును అరగదీసేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ టెన్షన్. ఆ బ్యారెల్‌కు మసి చేసే నష్టం కన్నా ఆ రాడ్ చేసేదే ఎక్కువ. కుదిరితే ఛాంబర్ వైపు నుంచే రాడ్ తోయండి. స్లైడ్ గాడుల్లో నూనె నల్లబడినా కంగారు అక్కర్లేదు, మసిని తనలో పట్టి ఉంచుతోందంతే.

అపోహ: నూనె బాగా వేస్తే ఏ తూటా కాల్చినా తుప్పు రాదు.

పాత సైనిక నిల్వల నుంచి వచ్చే కొన్ని తూటాల ప్రైమర్లలో పొటాషియం క్లోరేట్ ఉంటుంది. అది కాలాక బ్యారెల్‌లో మిగిలేది పొటాషియం క్లోరైడ్, అంటే ఒక రకం ఉప్పు. అది గాలిలోని తేమను లాగుతుంది, నూనెలో కరగదు. దాని మీద నూనె పూస్తే ఉప్పును కప్పి పెట్టినట్టే. ముందు వేడి నీళ్లతో కడిగి, బాగా ఆరబెట్టి, ఆ తర్వాతే నూనె.

అపోహ: కొత్త నూనె వేశాక పిస్టల్ మొరాయిస్తే నూనెదే తప్పు, బాగా నడిస్తే నూనెదే గొప్ప.

తూటా అందకపోవడం, ఖాళీ తొడుగు ఇరుక్కోవడం వంటివాటికి అలసిన రికాయిల్ స్ప్రింగ్ (స్లైడ్‌ను ముందుకు తోసేది), వంగిన మ్యాగజైన్ అంచులు, ఖాళీ తొడుగును లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద పేరుకున్న మసి మామూలు కారణాలు. పైగా కొత్త నూనె వేసే రోజున అందరూ పిస్టల్‌ను మామూలు కన్నా శ్రద్ధగా శుభ్రం చేస్తారు. ఆ శుభ్రత ఫలితం నూనె ఖాతాలో పడుతుంది.

నిజంగా పోల్చి చూడాలంటే పాత నూనెను సాల్వెంట్‌తో పూర్తిగా తీసేయండి. బ్రేక్ క్లీనర్ లాంటి ఘాటైనవి మాత్రం కొన్ని ప్లాస్టిక్‌లను, సైట్ల మీది రంగును, చెక్క గ్రిప్పు పాలిష్‌ను పాడుచేస్తాయి. కొత్త గ్లాక్ స్లైడ్‌లో కంపెనీ పూసి పంపే రాగిరంగు గ్రీజును తీయొద్దని వాళ్లే చెబుతారు, దాన్ని అలాగే ఉండనివ్వండి. ఆ తర్వాత అదే స్ప్రింగ్, అవే మ్యాగజైన్లు, అదే రకం తూటాలు. మారేది నూనె ఒక్కటే.

కాల్చడానికి ముందు కూడా కొన్ని తెలుస్తాయి. నూనె వేసిన పిస్టల్‌ను తెల్ల కాగితం మీద రాత్రంతా ఉంచితే, పొద్దునకు మరక ఎక్కడుందో చూసి నూనె ఎటు పారుతోందో చెప్పొచ్చు. ఒక ఉక్కు రేకు మీద పాత నూనె, కొత్త నూనె పక్కపక్కన పూసి కొన్ని వారాలు వదిలేస్తే, ఏది ఆరిపోతోందో, ఏది జిగురవుతోందో వేలికే తెలుస్తుంది. అదే రేకును ఫ్రీజర్‌లో పెట్టి తీస్తే చలిలో ఏది బిగుసుకుంటుందో తెలుస్తుంది. రేకునే పెట్టండి, పిస్టల్‌ను కాదు. కాల్చాక మార్కర్ చూపించిన చోట్లనే చూడండి. రాపిడికి వచ్చిన మెరుపు అంతే ఉంటే సరే. మెరుపు వెడల్పవుతున్నా, గోటితో గీస్తే గరుకు తగిలినా ఆ నూనె అక్కడ నిలవడం లేదు.

అపోహ: మొక్కల నుంచి తీసిన, విషం లేని లూబ్రికెంట్ అయితే చేతులకు గ్లవ్స్ అక్కర్లేదు.

నూనెలో విషం లేకపోవచ్చు, గుడ్డకు అంటుకునే మసిలో ఉంటుంది. ప్రైమర్లలో ఎక్కువగా వాడే లెడ్ స్టిఫ్నేట్ నుంచి, సీసపు గుండ్ల నుంచి వచ్చే సీసం ఆ నల్లటి జిడ్డులో కలిసే ఉంటుంది. నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి, కిటికీ తీసి పెట్టండి, ఆ టేబుల్ మీద టీ కప్పు పెట్టకండి. పని అయ్యాక చల్లటి నీళ్లతో, సబ్బుతో చేతులు కడగండి. వాడిన గుడ్డలను కుప్పగా పడేయకుండా మూత ఉన్న ఇనుప డబ్బాలో వేయండి. సాల్వెంట్ ఆవిరి సులువుగా అంటుకుంటుంది.