సాలకు చెద పట్టింది తిత్లీకి ముందే

శ్రీకాకుళం పల్లెల్లో పాత పశువుల సాలల సంగతెత్తితే మాట తిత్లీ దగ్గరికే పోతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన ఆ తుఫాను ఉద్దానంలో కొబ్బరిని, జీడిని కూల్చింది, సాలల కప్పులూ లేపేసింది. తర్వాత లేచినవి రేకుల షెడ్లు. అయితే నేరమంతా గాలిదే అంటే నేనొప్పుకోను.

సాల కట్టుబడి చూడండి. రెండు వరుసల గుంజలు, నడుమ పొడుగాటి నిట్రాళ్లు, వాటి మీద వెన్నుగర్ర. అక్కణ్ణుంచి చూరు దాకా వాసాలు, అడ్డంగా వెదురు బద్దలు, పైన తాటాకో వరిగడ్డో. బరువంతా కర్రదే. మట్టిగోడ వానకు కరిగినా కప్పు నిలబడుతుంది. చూరు నడుం వంచితేగాని దూరలేనంత కిందికి దించేవారు, జల్లు గోడకు కొట్టకుండా, గాలి కప్పు కిందికి జొరబడకుండా. లోపల ఒక పక్క ఎడ్లు, ఇంకో పక్క కాడి, నాగలి, అటక మీద గడ్డి. కంబారి, అంటే జీతానికుండే పాలేరు, పడకా అక్కడే. ఆ మాట మాత్రం ఎవరూ మురిపెంగా చెప్పుకోరు.

మన్యం దాపున మద్ది, ఏగిస, గుగ్గిలం దొరికేవి. మైదానంలో దిక్కు తాడిచెట్టే. మద్ది లాంటి చెట్లకు చేవ లోపలుంటుంది, తాడికి బయటుంటుంది. నిలువునా చీల్చి, లోపలి మెత్తటి పీచు చెక్కేస్తే దూలం వస్తుంది. లేత తాడి పనికిరాదు, బాగా ముదరాలి.

మరి ఆ తాడి ఎవరిది? అసలు కథ ఇక్కడుంది. 1802 శాశ్వత శిస్తు పద్ధతితో ఈ ప్రాంతంలో ఎక్కువ భాగం విజయనగరం, బొబ్బిలి వంటి జమీందారీల కింద స్థిరపడింది. ఆనవాయితీ పేరుతోనో, రాయించుకున్న కాగితంతోనో చెట్టు మీద హక్కు జమీందారు అట్టిపెట్టుకున్న చోట, సొంత గట్టు మీది తాడి కొట్టడానికీ రైతుకు చెయ్యాడేది కాదు. 1908 మద్రాసు ఎస్టేటు భూముల చట్టం 12వ సెక్షన్ ఆ ముడి విప్పింది. చట్టం వచ్చాక రైతు నాటిన చెట్టు, అతని జిరాయితీలో, అంటే సాగు హక్కున్న భూమిలో, తనంత తాను మొలిచిన చెట్టు అతనివే. వాడుకోవచ్చు, కొట్టుకోవచ్చు, ఏ ఒప్పందమూ అడ్డురాదు. సాల చరిత్రలో ఏ తుఫాను కంటే కూడా ఈ సెక్షనే పెద్ద మలుపని నా లెక్క. 1948 చట్టంతో ఆ జమీందారీ ఎస్టేట్లే రద్దయ్యాయి.

ఇక పతనం. తాటాకు కప్పు నాలుగు వానాకాలాలు చూసేసరికి మార్చాలి, గడ్డి కప్పయితే ఇంకా ముందే. ట్రాక్టరొచ్చి దుక్కిటెద్దులు పోయాక ఆ ఖర్చు ఎవరి కోసం? పొట్టి వరి వంగడాలతో కప్పుకు పనికొచ్చే పొడుగు గడ్డి కరువైంది. మిగిలిందాన్ని కోతమిషను నలిపి పొలంలోనే పారేస్తోంది. తాడెక్కి కమ్మలు కొట్టేవాళ్లూ తగ్గారు. కప్పు కారితే వాసం తడుస్తుంది, తడిసిన కర్రను చెద వదలదు. తిత్లీకి ఎదురు నిలిచిన సాలల్లో చాలావాటికి ఒంట్లో అప్పటికే సత్తువ లేదు.

ఉపాధి హామీ నిధులతో లేచిన మినీ గోకులం షెడ్లలో పశువుకు తొట్టి ఉంది, సిమెంటు నేల ఉంది. అటక లేదు, కాడి పెట్టుకునే మూలా లేదు. అవసరం కూడా తీరిపోయిందిలెండి. ఎండాకాలం మాత్రం రేకు కింద గేదె ఆయాసపడుతుంటే, దాని మీద తాటాకులు పరుస్తున్నారు.